ఏ గదికి ఎటు నుంచి వేడి? మియాపూర్ ఇళ్లకు పనికొచ్చే చిట్కాలు

ఏప్రిల్ వచ్చిందంటే మా మియాపూర్ అపార్ట్‌మెంట్లలో ఎవరి నోట విన్నా ఇదే మాట: "హాలు ఫరవాలేదండీ, ఆ పడకగదిలోనే ఉండలేకపోతున్నాం." వెంటనే ఏసీ షోరూమ్‌కి బయల్దేరతారు. ఒక్క నిమిషం ఆగండి. ప్రతి గదికీ వేడి వచ్చే వైపు ఒకటి, వేడెక్కే వేళ ఒకటి ఉంటాయి. ఆ రెండూ పట్టుకుంటే సగం పని పైసా ఖర్చు లేకుండానే అయిపోతుంది, మిగతా సగానికి పెట్టే డబ్బు వృథా పోదు. ఇవన్నీ చేసి చూసి, ఫలితం కనిపించాకే చెబుతున్నాను.

ముందు వేడి దారి కనిపెట్టండి

1. ఫోన్‌లో దిక్సూచి తెరిచి ప్రతి గదిలోనూ నిలబడి చూడండి. ఏ గోడ పడమరో, ఏ కిటికీ ఉత్తరమో కాగితం మీద రాసుకుంటే తర్వాత పెట్టే ప్రతి రూపాయీ సరైన చోట పడుతుంది.

2. చిన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి కొని రోజుకో గదిలో పెట్టండి. పొద్దున 7కి, మధ్యాహ్నం 2కి, సాయంత్రం 6కి, రాత్రి 10కి అంకె రాసుకుంటే ఆ గది గుట్టు తెలిసిపోతుంది.

3. పొద్దున 9కే వేడెక్కిందంటే తూర్పు కిటికీ పని. సాయంత్రం 4 దాటాక ఒక్కసారిగా వేడెక్కితే పడమటి అద్దం పని.

4. పొద్దుగుంకాక కూడా వేడి పెరుగుతూనే ఉంటే గోడనో స్లాబునో అనుమానించాలి. పగలంతా పీల్చుకున్న ఎండను అవి కొన్ని గంటలు ఆలస్యంగా, మనం పడుకునే వేళకి గదిలోకి వదులుతాయి.

5. రాత్రి భోజనాలయ్యాక అరచెయ్యి ఒక్కో గోడకీ ఆనించి చూడండి, స్టూలెక్కి స్లాబునీ తాకండి. ఏది వెచ్చగా తగిలితే ముందు దాని సంగతే చూడాలి.

6. పై అంతస్తు వాళ్లకి స్లాబు మీద పొద్దస్తమానం ఎండే కాబట్టి ముందు డాబా మీద ఖర్చు పెట్టండి. మధ్య అంతస్తుల వాళ్లకి ఆ బాధ లేదు, పడమటి గోడ, కిటికీ చూసుకుంటే చాలు.

7. వాస్తు ప్రకారం మాస్టర్ బెడ్‌రూమ్ నైరుతిలో కడతారు, పడమటి ఎండంతా పడేది సరిగ్గా ఆ గది మీదే. ఇంట్లో పెద్ద గదే రాత్రిపూట ఎక్కువ ఉక్కపోయడానికి కారణం ఇదే, అందుకని మొదటి మరమ్మతు అక్కడే మొదలుపెట్టండి.

8. ఈశాన్యం గదికి పొద్దుటి ఎండ తప్ప మధ్యాహ్నం తర్వాత పెద్దగా ఎండ సోకదు. వేసవి మధ్యాహ్నాలు పెద్దవాళ్ల కునుకు, పిల్లల చదువు అటు మార్చండి, ఫ్యాన్‌తోనే గడిచిపోతుంది.

9. మే నెలలో దక్షిణపు గోడ గురించి బెంగ వద్దు. మన హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అప్పటి నుంచి ఆగస్టు 3 ప్రాంతం దాకా మధ్యాహ్నవేళ కాస్త ఉత్తరం వైపే ఉంటాడు.

10. ఈ కారణంగానే మే, జూన్, జులై నెలల్లో ఉత్తరపు కిటికీలోకి కూడా పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ దూరుతుంది. "ఉత్తరమేగా" అని వదిలేయకుండా అక్కడా ఒక పల్చటి తెర కట్టండి.

11. మీ గోడలు దేనితో కట్టారో అసోసియేషన్‌లో అడిగి తెలుసుకోండి. కొత్త టవర్లలో మైవాన్ పద్ధతిలో పోసిన కాంక్రీటు గోడ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ కంటే త్వరగా వేడిని లోపలికి పంపుతుంది, తేలికపాటి ఏఏసీ బ్లాకుల గోడ బాగా ఆపుతుంది.

కిటికీ దగ్గరే ఆపండి

12. ఎండని అద్దం దాటనివ్వకుండా బయటే ఆపాలి. లోపలి కర్టెన్ తానే వేడెక్కి ఆ వేడిని గదిలోనే వదులుతుంది, బయటి తెర వేడి బయటే పోతుంది.

13. పడమటి బాల్కనీకి వెదురు చిక్ కట్టి మధ్యాహ్నం 1 గంటకల్లా దించేయండి. సాయంత్రం గది వేడిలో తేడా మొదటి రోజే తెలుస్తుంది, నాలుగైదు వేసవులు వస్తుంది.

14. అంత ఖర్చు వద్దనుకుంటే నర్సరీల్లో అమ్మే ఆకుపచ్చ షేడ్‌నెట్ కొలత ప్రకారం కోయించుకోండి. 75 శాతం నీడనిచ్చే రకం అడగండి, వెలుతురూ గాలీ వస్తూనే ఎండ ఆగుతుంది.

15. పడమటి కిటికీకి పైన సన్‌షేడ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. సాయంత్రపు ఎండ కిందికి వాలి సూటిగా వస్తుంది, దానికి నిలువు తెరే మందు.

16. దక్షిణపు కిటికీకి మాత్రం రెండడుగుల సన్‌షేడ్ చాలు. అటు ఎండ మార్చి, ఏప్రిల్‌లలో బాగా ఎత్తు నుంచి పడుతుంది, చలికాలంలో కిందికి దిగి వెచ్చదనం ఇస్తుంది.

17. పడమటి బాల్కనీ గ్రిల్లుకి బచ్చలి తీగ పాకించండి. గదికి నీడ, వారానికోసారి పప్పులోకి కూర.

18. బచ్చలి వద్దంటే శంఖుపూల తీగో, రాధామనోహరమో పెట్టండి. సంక్రాంతి దాటగానే నాటితే ఎండలు ముదిరేసరికి గ్రిల్లు నిండా ఆకు పడుతుంది.

19. ఉతికిన చీరలు, దుప్పట్లు మధ్యాహ్నం పూట పడమటి బాల్కనీలోనే ఆరేయండి. ఎండకి అడ్డు పడతాయి, తడి మీదుగా వచ్చే గాలి చల్లగా ఉంటుంది, బట్టలూ ఆరిపోతాయి.

20. అద్దె ఇంట్లో మేకులు కొట్టనివ్వకపోతే గ్రిల్లుకి పాత తెల్ల పంచె నాలుగు మూలలా తాడుతో కట్టండి. ఖర్చు లేదు, ఓనరు గారితో మాట పడక్కర్లేదు.

21. లోపలి కర్టెన్‌కి అద్దం వైపు తెల్లటి లైనింగ్ కుట్టించండి. తెలుపు ఎండని కొంత వెనక్కి కొడుతుంది, కర్టెన్ రంగు కూడా వెలిసిపోదు.

22. కర్టెన్ కిటికీ కంటే రెండు పక్కలా అరడుగు వెడల్పుగా, కిందికి జానెడు పొడుగుగా ఉండాలి. సందుల్లోంచి వేడిగాలి గదిలోకి తిరగదు.

23. బయట తెర కట్టే వీలే లేని పెద్ద అద్దాలకి సన్‌ఫిల్మ్ వేయించండి. పడమటి అద్దాలకి మాత్రమే వేయిస్తే ఖర్చు కలిసొస్తుంది, ఇల్లంతా అక్కర్లేదు.

24. యూపీవీసీ కిటికీలు మార్చుకునేటప్పుడు జరిపే రకం కాకుండా పూర్తిగా తెరుచుకునే రకం పెట్టించండి. జరిపే కిటికీ సగమే తెరుచుకుంటుంది, గాలీ సగమే వస్తుంది.

25. దోమల మెష్ నెలకోసారి తీసి సబ్బు నీళ్లతో బ్రష్ కొట్టండి. మెట్రో పనులు అయిపోయినా మన రోడ్ల దుమ్ము తగ్గలేదు, మెష్ కళ్లు మూసుకుపోతే ఎంత పెద్ద కిటికీ అయినా దండగే.

గాలికి వేళ ఉంది

26. బయట లోపలి కంటే చల్లబడ్డాకే కిటికీలు తెరవండి, మే నెలలో అది మామూలుగా రాత్రి 8, 9 తర్వాతే. సాయంత్రం 5కే తెరిస్తే వేడిగాలిని మనమే పిలిచినట్టు.

27. పొద్దున 8 కల్లా కిటికీలు మూసి తెరలు దించేయండి. మన దగ్గర వేసవిలో పగటికీ తెల్లవారుజాముకీ 12, 13 డిగ్రీల తేడా ఉంటుంది, ఆ తెల్లవారుజాము చల్లదనాన్ని మధ్యాహ్నం దాకా దాచుకోవచ్చు.

28. ఒక్క కిటికీయే ఉన్న గదికి గాలి ఎప్పుడూ తక్కువే. ఆ గది తలుపు, ఎదురుగా హాలు బాల్కనీ తలుపు రెండూ కలిపి తెరవండి, గాలికి దారి దొరుకుతుంది.

29. రాత్రి తలుపు దానంతటదే మూసుకుపోకుండా కింద స్టాపర్ పెట్టండి. తలుపు మూసిన గది రాత్రంతా గోడల వేడిని లోపలే ఉంచుకుంటుంది.

30. గోప్యత కోసం తలుపు మూసుకోవాల్సినవాళ్లు తలుపు మీద వెంటిలేటరుంటే దాన్ని తెరిపించండి. వేడిగాలి పైకే చేరుతుంది కాబట్టి అక్కడి నుంచే బయటికి పోతుంది.

31. పడకగది కిటికీ తెరిచి, బాత్‌రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ రాత్రి ఒక గంట వేయండి. లోపలి వేడిగాలిని అది లాగేస్తుంది, బయటి చల్లగాలి కిటికీలోంచి వస్తుంది.

32. రాత్రిపూట టేబుల్ ఫ్యాన్‌ని కిటికీ దగ్గర బయటికి తిప్పి పెట్టండి. అరగంటలో గదిలోని వేడిగాలి బయటికి పోతుంది, తర్వాత ఫ్యాన్ మన వైపు తిప్పుకోవచ్చు.

33. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకి పడమటి గాలి వీస్తుంది. అప్పుడు పడమటి తెరలు ఎత్తేసి ఆ కిటికీలు బార్లా తెరవండి, వేసవిలో శత్రువైన గదే వానాకాలంలో హాయైన గది.

34. కిటికీకి అడ్డంగా బీరువా, అట్టపెట్టెలు పెట్టకండి. వాటిని పడమటి గోడకి జరిపితే గాలీ వస్తుంది, గోడ వేడీ ఆగుతుంది.

35. డక్ట్ వైపు తెరుచుకునే కిటికీలోంచి పక్కవాళ్ల ఏసీ వేడిగాలి వస్తుంటుంది. వాళ్ల ఏసీ నడిచే వేళల్లో మూసి ఉంచండి, తెల్లవారుజామున తెరవండి.

36. ముంబై హైవే వైపున్న గదులకి తారురోడ్డు వేడి, దుమ్ము, మోత మూడూ ఎక్కువే. పగలంతా మూసి, ట్రాఫిక్ తగ్గాక రాత్రి పొద్దుపోయి తెరవండి.

పై అంతస్తు, డాబా

37. ఫిబ్రవరి చివరికల్లా డాబాకి తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలపండి. అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే పెద్ద ఫలితమిచ్చే పని ఇదే.

38. సున్నం కలిపేటప్పుడు చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. గడ్డ సున్నం నీళ్లు తగిలితే సలసలా మరుగుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

39. ఏటా సున్నం వేయడం విసుగైతే కూల్‌రూఫ్ పెయింటు వేయించండి లేదా తెల్ల టైల్ ముక్కలు పరిపించండి. మొదట ఖర్చెక్కువే కానీ కొన్నేళ్లు మళ్లీ చూడక్కర్లేదు.

40. తెలుపు పని చేస్తుందా అని సందేహమా? 2017లో మన నగరంలోని దేవరకొండ బస్తీలో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్లు ఇతరులతో కలిసి పాతిక ఇళ్ల కప్పులకి తెల్లటి పొర వేసి కొలిస్తే, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది.

41. సొంత ఇల్లు కట్టేవాళ్లకి ఒక మాట: 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్‌రూఫ్ విధానం ప్రకారం 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకి చల్లని కప్పు తప్పనిసరి. అంతకంటే చిన్న స్థలమైనా ప్లానులోనే చేర్చుకోండి, తర్వాత వేయించడం కంటే చవక.

42. తెల్ల కప్పు మీద దుమ్ము పేరుకుంటే సగం పని చేయదు. నెలకోసారి వాచ్‌మన్ చేత చీపురుతో ఊడ్పించండి, నీళ్లు పోయక్కర్లేదు.

43. స్లాబుకి పగుళ్లుంటే ముందు వాటర్‌ప్రూఫింగ్, ఆ తర్వాతే తెల్లరంగు. వరస తప్పితే రంగు డబ్బులూ పోతాయి, వానాకాలంలో గోడలూ చెమ్మెక్కుతాయి.

44. డాబా అందరిదీ, ఖర్చు మేమెందుకు పెట్టాలని కింది అంతస్తుల వాళ్లు అంటారు. ఎండకి స్లాబు వేడెక్కి పగుళ్లిస్తే వచ్చే లీకేజీ ఖర్చూ అందరిదేనని మీటింగులో చెప్పండి, మెయింటెనెన్స్‌లోంచి ఇప్పించుకోవచ్చు.

45. పడకగది సరిగ్గా ఎక్కడుందో చూసి దాని మీద షేడ్‌నెట్ పందిరి వేయండి. డాబా మొత్తం వేసే ఖర్చు తప్పుతుంది, రాత్రి నిద్ర దక్కుతుంది.

46. ఆ పందిరి మీదికి సొర, బీర, కాకర పాదులు ఎక్కించండి. పందిరికీ స్లాబుకీ మధ్య గాలి ఆడాలి, అందుకని మనిషి ఎత్తుండేలా చూడండి.

47. కుండీలు నేరుగా స్లాబు మీద పెట్టకుండా ఇనుప స్టాండ్ల మీద పెట్టండి. కింద చెమ్మ నిలవదు, కుండీ కింది నీడ కూడా స్లాబుకి లాభమే.

48. సొంత డాబా ఉంటే సోలార్ పలకలు పెట్టించండి, వాటి నీడకే కింది గది చల్లబడుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

49. డాబా మీద బిందెలకి బిందెలు నీళ్లు కుమ్మరించకండి, ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే మన పేటలో అది తగదు. ఆర్వో వదిలేసిన నీళ్లు పట్టి సాయంత్రం పొద్దు వాలాక చిలకరిస్తే చాలు.

50. ఓవర్‌హెడ్ ట్యాంకుకి కూడా నీడ కట్టండి, నల్ల ట్యాంకైతే తెల్లరంగు వేయించండి. మోటారు తెల్లవారుజామున వేయిస్తే పొద్దున స్నానానికి సలసల కాగిన నీళ్లు తప్పుతాయి.

51. పై అంతస్తులో ఫాల్స్ సీలింగ్ వేయిస్తే స్లాబుకీ దానికీ మధ్య జానెడు ఖాళీ వదలమనండి. ఆ మధ్యలో ఉన్న గాలే వేడికి అడ్డు.

52. స్లాబుకి లోపల ఉత్త థర్మాకోల్ షీట్లు అంటించకండి. అంటుకుంటే ఆరేది కాదు, చవక అని చూసుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

53. స్లాబు వేడిగా ఉన్నంతసేపు సీలింగ్ ఫ్యాన్ పై నుంచి వేడిగాలినే కిందికి తోస్తుంది. రాత్రి 10 దాకా టేబుల్ ఫ్యాన్ మంచం ఎత్తులో పెట్టుకుంటే ప్రాణం తెరిపిన పడుతుంది.

గోడలు, సామాన్లు

54. వార్డ్‌రోబ్, పుస్తకాల అరలు పడమటి గోడకి పెట్టించండి. బట్టలు, పుస్తకాలే గోడ వేడికి అడ్డుగోడ, వేరే ఖర్చు లేదు.

55. మంచం పడమటి గోడకి ఆనించకుండా ఒక అడుగు జరపండి. రాత్రంతా ఆ గోడ వదిలే వేడి నేరుగా ఒంటికి తగలదు.

56. తల దక్షిణానికి పెట్టుకునే అలవాటు చెడకుండానే మంచాన్ని తూర్పు గోడ వైపు తీసుకురావచ్చు. మార్చిలో ఇటు, నవంబరులో అటు జరుపుకుంటే రెండు కాలాలూ సుఖమే.

57. అపార్ట్‌మెంటుకి బయటి రంగు మార్చే ఏడాది ముదురు బూడిద రంగు వద్దని చెప్పండి. పడమటి వైపైనా లేత రంగు వేయిస్తే ఆ వైపు ఫ్లాట్లన్నిటికీ మేలు.

58. ప్రహరీ లోపల పడమటి వైపు ఖాళీ ఉంటే కానుగో వేపో నాటండి. నాలుగైదేళ్లలో మొదటి రెండంతస్తులకీ నీడ వస్తుంది, ఏటా పైసా ఖర్చుండదు.

59. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు కిటికీ ముందున్న సిమెంటు చప్టా మీద కుండీలు వరసగా పేర్చండి. ఎండకి కాలిన చప్టా సెగ కిటికీలోంచి లోపలికి కొట్టదు.

60. పార్కింగ్ మీదున్న మొదటి అంతస్తు నేలకి ఎండ తగలదు, కింద గాలి ఆడుతుంది. వేసవి మధ్యాహ్నం చాప వేసుకుని నేల మీద పడుకుంటే కూలర్ అవసరం రాదు.

ఇంట్లో మనమే పుట్టించే వేడి

61. ఆగ్నేయంలో వంటిల్లుంటే పొద్దుటి ఎండా, పొయ్యి సెగా రెండూ కలుస్తాయి. వేసవిలో అన్నం, కూర 8 లోపే ముగించండి, మధ్యాహ్నం వేడిచేసుకోవడం తప్ప పొయ్యి వెలిగించకండి.

62. కందిపప్పు అరగంట ముందు నానబెట్టి కుక్కర్‌లో పెట్టండి. గ్యాసూ మిగులుతుంది, వంటింట్లో సెగా తగ్గుతుంది.

63. వంటయ్యాక కూడా చిమ్నీ లేదా ఎగ్జాస్ట్ పది నిమిషాలు నడవనివ్వండి. వేడి, ఆవిరి హాల్లోకి రాకుండా బయటికి పోతాయి.

64. ఓపెన్ కిచెన్ ఉన్న ఇళ్లలో హాలు వేడెక్కేది వంట వేళకే. మధ్యలో ఒక పొడుగు కర్టెన్ వేసి, వంటయ్యేదాకా వాష్ ఏరియా తలుపు తెరిచి ఉంచండి.

65. ఫ్రిజ్ వెనక, పక్కల జానెడు ఖాళీ వదలండి, పొయ్యి పక్కన గానీ పడమటి గోడకి గానీ పెట్టకండి. లోపలి వేడిని అది గదిలోకే వదులుతుంది, గాలాడకపోతే కరెంటు కూడా ఎక్కువ తాగుతుంది.

66. ఇస్త్రీ, మిక్సీ, వాషింగ్ మెషిన్ పనులు పొద్దున్నే ముగించండి. మధ్యాహ్నం వేడి మీద ఇంకో వేడి చేరదు.

67. పూజ గదిలోనో బాత్‌రూమ్‌లోనో ఇంకా పాత 60 వాట్ల బల్బులుంటే తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టండి. వెలుగు అంతే, వేడి నామమాత్రం, బిల్లూ తక్కువ.

68. హైటెక్ సిటీ ఉద్యోగాల వాళ్లు ఇంటి నుంచి పని చేసే రోజున ల్యాప్‌టాప్ బల్లని ఎండతో పాటు మార్చుకోండి. పొద్దున పడమటి గది, మధ్యాహ్నం తర్వాత తూర్పు లేదా ఈశాన్యం గది, ఏసీ వేయకుండానే మీటింగులు గడిచిపోతాయి.

69. వాడని డెస్క్‌టాప్, టీవీ, సెట్‌టాప్ బాక్సు గోడ దగ్గర స్విచ్ కట్టేయండి. వాడకపోయినా కొంచెం కొంచెం వేడి పుట్టిస్తాయి, చిన్న గదిలో ఆ కొంచెమే తెలుస్తుంది.

70. ఊరకే కూర్చున్న మనిషి ఒంటి నుంచే సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. చుట్టాలొచ్చినప్పుడు అందరూ మూసిన చిన్న గదిలో కాకుండా హాల్లో పక్కలు వేసుకుంటే అందరికీ నిద్ర పడుతుంది.

ఫ్యాన్, కూలర్, ఏసీ

71. ఫ్యాన్ మనిషిని చల్లబరుస్తుంది, గదిని కాదు. గదిలోంచి లేస్తూ స్విచ్ కట్టేయండి, ఖాళీ గదిలో తిరిగే ఫ్యాన్ దండగ.

72. రాత్రంతా తిరిగే పడకగది ఫ్యాన్‌ని ముందు బీఎల్‌డీసీ రకానికి మార్చండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తాగే చోట ఇది 30, 35 వాట్లతో సరిపెడుతుంది.

73. రెక్కల మీద దుమ్ము నెలకోసారి పాత దిండుగలీబు తొడిగి తుడవండి. దుమ్ము మంచం మీద రాలదు, గాలి కూడా బాగా వస్తుంది.

74. కూలర్‌ని గది మధ్యలో కాదు, కిటికీ దగ్గర వెనక భాగం బయటికుండేలా పెట్టి, ఎదుటి కిటికీ కొంచెం తెరవండి. బయటి పొడిగాలి లోపలికొస్తుంది, లోపలి తేమ బయటికి పోతుంది.

75. కూలర్‌కి మామూలు మెత్తల బదులు వట్టివేళ్ల మెత్తలు వేయించండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి కూడా గది నిండా మట్టి వాసనతో చల్లదనం.

76. మృగశిర వచ్చి వానలు మొదలయ్యాక కూలర్‌లో నీళ్లు పోయకండి. గాలిలోనే తేమ ఉన్నప్పుడు అది జిడ్డు తప్ప చల్లదనం ఇవ్వదు.

77. ఏసీ వేసే ముందు పది నిమిషాలు కిటికీలు తెరిచి ఫ్యాన్ పెట్టి వేడిగాలిని బయటికి పంపండి. ఏసీ త్వరగా అందుకుంటుంది, యూనిట్లు మిగులుతాయి.

78. ఏసీ 26 మీద పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి, 18 మీద పెట్టినా గది త్వరగా చల్లబడదు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క, 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 మీదే మొదలయ్యేలా వస్తున్నది అందుకే.

79. ఏసీ కొనేటప్పుడు గది కొలత ఒక్కటే చెప్పకండి, పై అంతస్తా, పడమటి గోడా అన్నదీ చెప్పండి. ముందు తెర, సున్నం పనులు చేసుకుని కొంటే చిన్న ఏసీ సరిపోవచ్చు.

80. వేసవిలో ఏసీ ఫిల్టర్ పదిహేను రోజులకోసారి పంపు కింద కడిగి నీడలో ఆరబెట్టండి. మెకానిక్ అక్కర్లేదు, పది నిమిషాల పని.

81. అవుట్‌డోర్ యూనిట్‌కి ఎండ తగలకుండా పైన చిన్న రేకు నీడ పెట్టించండి, ముందు మాత్రం ఏదీ అడ్డు పెట్టకండి. దాని వేడిగాలి పక్కింటి కిటికీలోకి కొట్టకుండా చూసుకుంటే ఇరుగుపొరుగుతో పేచీ ఉండదు.

82. ఏసీ గది తలుపు కింది సందుకి పాత చీర చుట్టి పెట్టండి. చల్లగాలి హాల్లోకి జారిపోదు, బల్లులూ రావు.

83. వేసవి మూడు నెలలు ఇంటిల్లిపాదీ ఒకే ఏసీ గదిలో పడుకోండి. నెల వాడకం 200 యూనిట్లు దాటిందంటే మొదటి యూనిట్ నుంచే పెద్ద రేటు పడుతుంది, గృహజ్యోతి ఉచిత కరెంటు ఉన్న ఇళ్లకైతే ఆ నెల ఉచితం పోయి మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది.

84. ఫోమ్ పరుపు మీద వేసవిలో బూరుగుదూది బొంతో, సన్నటి చాపో పరిచి పైన నూలు దుప్పటి వేయండి. వీపు కింద చెమట పట్టదు, ఫ్యాన్ ఒక పాయింటు తగ్గించుకోవచ్చు.

85. బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లకీ, పసిపిల్లలకీ ఇంట్లో అన్నిటికంటే చల్లటి గది ఇవ్వండి, అది అతిథుల గదైనా సరే. ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడుతుంటే తడిబట్టతో ఒళ్లు తుడుస్తూ వెంటనే 108కి ఫోన్ చేయండి.

చలికాలానికీ, కొనేముందుకీ

86. డిసెంబరు, జనవరిల్లో దక్షిణపు కిటికీ తెరలు పగలంతా తీసి ఉంచండి. ఎండ గదిలో చాలా లోపలికి పడుతుంది, రాత్రి ఆ గదే వెచ్చన.

87. ఉత్తరపు గది చలికి జిల్లుమంటుంది, సాయంత్రం 5 కల్లా ఆ కిటికీలు మూసేయండి. నేల మీద జంపఖానా పరిస్తే పిల్లల కాళ్లు చల్లబడవు.

88. ఈస్ట్ ఫేసింగ్ అనగానే ఫ్లాటు ఖాయం చేయకండి. వాకిలి తూర్పుకుంటే పడకగదులు చాలాసార్లు పడమటికే పడతాయి, ఆ వైపు ఏముందో చూసుకోండి.

89. అద్దెకైనా, కొనడానికైనా ఇల్లు సాయంత్రం 4, 5 మధ్య చూడండి. బ్రోకరు పొద్దున చూపిస్తే ఏ గదైనా చల్లగానే ఉంటుంది.

90. పడమటి వైపు పక్క టవర్ నీడ పడే ఫ్లాటు దొరికితే వదలకండి. ఎదురుగా ఖాళీ స్థలమైతే సాయంత్రపు ఎండంతా మీదే అని లెక్కేసుకుని ధర మాట్లాడండి.

ఇన్ని చూసి కంగారు పడకండి. ఈ ఆదివారం పైసా ఖర్చు లేనివి చేయండి: దిక్కులు రాసుకోవడం, మంచం జరపడం, కిటికీల వేళలు మార్చడం. వచ్చే నెల జీతానికి పడమటి కిటికీకి ఒక తెర, పై అంతస్తయితే డాబాకి సున్నం. ఆ తర్వాత మళ్లీ థర్మామీటరు పెట్టి రాత్రి 10 గంటల అంకె చూడండి. అప్పటికీ గది దారికి రాకపోతేనే ఏసీ షోరూమ్ మెట్లెక్కండి.